సముద్రమును చేరని నీరు

భద్రాచల ప్రాంతపు అడవులలో వారమునకొక దినము సంత జరుగును. ఖమ్మము వైపునుండి వర్తకులు సరకుల మూటలతో వత్తురు. గుట్టల మీది పల్లెలనుండి కోయలు, కొండరెడ్లు తెల్లవారకముందే బయలుదేరి కాలిత్రోవన చేరుదురు. వారు తెచ్చునవి తేనె, చింతపండు, కుంకుడుకాయలు, ఇప్పపువ్వు, జిగురు మొదలగునవి. వారు మరల ఇంటికి గొనిపోవు వస్తువులలో తరతరములుగా మార్పు లేనిది ఒకటి కలదు. అది ఉప్పు. అడవి గింజనిచ్చును, దుంపనిచ్చును, కాయనిచ్చును, కట్టెనిచ్చును, మందుమూలికనిచ్చును. ఉప్పును మాత్రము ఈయదు. అందుచేతనే పూర్వము ఇప్పపువ్వునో చింతపండునో ఇచ్చి దానికి మారుగా ఉప్పును గైకొను వాడుక అడవిప్రాంతములలో ఉండెడిది.

ఆ ఉప్పు ఎచ్చటినుండి వచ్చుచున్నది? ఆంధ్రతీరమున నౌపడా, చినగంజాము మొదలగు చోట్ల ఉప్పుకొటారులు కలవు. అచ్చట నేలను చదునుచేసి, చిన్న చిన్న మడులుగా కట్టి, వానిలోనికి ఉప్పునీటిని మళ్లింతురు. ఎండకు నీరు ఆవిరియై పోవును. ఉప్పు అడుగున మిగులును. దానిని గట్టుకు లాగి కుప్పలు పోయుదురు. ఇంతవరకు అందరును ఎరిగినదే. కాని సముద్రమునకు ఆ ఉప్పు ఎట్లు వచ్చెనను ప్రశ్నకు సమాధానము గోదావరి ఒడ్డుననే దొరకును.

గోదావరి నాసిక సమీపమున త్ర్యంబకమువద్ద పుట్టి, 1465 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతములో కలియుచున్నది. వాననీరు కొండల మీదను నేలమీదను ప్రవహించునపుడు రాళ్లలోని లవణములను కొద్దికొద్దిగా కరగించుకొని పోవును. లీటరు నదీజలములో అట్టి లవణములు గ్రాములోని కొద్ది భాగము మాత్రమే ఉండును గనుక నీరు మనకు తియ్యగానే తోచును. సముద్రమును చేరిన నీరు ఆవిరియై మేఘమై మరల కొండలకు పోవును. లవణములు మాత్రము ఆవిరి కావు. అవి సముద్రముననే నిలిచిపోవును. కోట్ల సంవత్సరములుగా ప్రపంచములోని నదులన్నియు ఇట్లు తెచ్చి చేర్చినవి, సముద్రగర్భమందలి రాళ్లనుండియు అగ్నిపర్వతములనుండియు వచ్చినవి, అన్నియు కలిసి నేడు లీటరు సముద్రజలములో సుమారు 35 గ్రాముల లవణములు ఉన్నవి.

మరి నదికి సముద్రమును చేరు దారియే లేకున్న ఏమగును? నలువైపుల ఎత్తైన నేల అడ్డుపడి నీరు పల్లమున నిలిచిపోయినచో, ఆ పల్లమే నదికి సముద్రమగును. నీరు ఎండకు ఆవిరియగుచుండును. నదులు తెచ్చిన లవణములు ఏటేట పెరుగుచుండును. కొంతకాలమునకు తియ్యని సరస్సు ఉప్పుసరస్సగును. నీరు మరింత తగ్గినచో ఉప్పుమైదానమగును. మన దేశమున రాజస్థానములోని సాంభర్ సరస్సు ఇట్టిదే. లడఖ్‌లో 4,500 మీటర్ల ఎత్తున త్సో కర్ అను సరస్సు కలదు. ఆ పేరునకు తెల్లని సరస్సని అర్థము. దాని ఒడ్డున పేరిన ఉప్పును చాంగ్‌పా అను పశుపాలకులు పూర్వము సేకరించి దూరప్రాంతములకు గొనిపోయి అమ్మెడివారు. అయితే ఈ జాతిలో భూమిమీద అన్నిటికంటె పెద్దది మన దేశమున లేదు. అది దక్షిణ అమెరికాలోని బొలీవియా దేశమున కలదు. దానిపేరు ఉయూనీ ఉప్పుమైదానము.

దక్షిణ అమెరికా పడమటి అంచున ఆండీస్ పర్వతములు ఉత్తరమునుండి దక్షిణమునకు గోడవలె సాగియున్నవి. బొలీవియాలో ఈ పర్వతశ్రేణి రెండుగా చీలి, నడుమ ఒక విశాలమైన పీఠభూమిని విడిచినది. తూర్పున ఒక గోడ, పడమట ఒక గోడ. ఈ పీఠభూమిపై పడిన నీటిలో ఎక్కువ భాగమునకు సముద్రమునకు పోవు దారి లేదు. బొలీవియా దేశమునకును నేడు సముద్రతీరము లేదు. 1879లో పొరుగుదేశమైన చిలీతో ఆరంభమైన యుద్ధములో అది తన తీరమును పోగొట్టుకొనెను. అయినను ఆ దేశమునకు ఉప్పు కొరత లేదు. సముద్రము విడిచి వెళ్లినట్లుండు ఉప్పుమైదానము దాని కొండల నడుమనే పరచుకొనియున్నది.

ఉయూనీ మైదానము సముద్రమట్టమునకు సుమారు 3,650 మీటర్ల ఎత్తున ఉన్నది. మన తూర్పు కనుమలలో మిక్కిలి ఎత్తైన శిఖరములు కూడ 1,700 మీటర్లకు లోపుననే ఉన్నవి. వానిని ఒకదానిపై నొకటి రెండు పేర్చినను ఆ మైదానమును చేరజాలవు. దాని వైశాల్యము 10,000 చదరపు కిలోమీటర్లకు మించును. అనగా 2016లో ఏర్పడిన భద్రాద్రి కొత్తగూడెము జిల్లా కంటె అది పెద్దది. అంతటి నేలపై చెట్టు లేదు, చేను లేదు, ఊరు లేదు. ఉన్నదంతయు ఉప్పే.

ఈ ఉప్పు పేరుకొనుటకు వేలకొలది సంవత్సరములు పట్టినది. పూర్వము వానలు ఎక్కువగా కురిసిన కాలములలో ఆ పీఠభూమిపై పెద్ద పెద్ద సరస్సులు నిండి, వానలు తగ్గిన కాలములలో ఎండిపోవుచు వచ్చెను. అట్టివానిలో నొకటి సుమారు 15,000 సంవత్సరములకు పూర్వము నిండుగా ఉండెడిది. శాస్త్రజ్ఞులు దానికి తౌకా సరస్సని పేరిడిరి. నేలను తొలిచి చూడగా ఉప్పుపొర, దానిక్రింద బురదపొర, మరల ఉప్పుపొర, ఈ వరుసలో నూరు మీటర్లకు పైగా లోతువరకు కనబడినవి. సరస్సు నిండినపుడు బురద దిగినది. ఎండినపుడు ఉప్పు పేరినది. ఆ పొరలను చదువనేర్చినవారికి అవి ప్రాచీనకాలపు వానల చరిత్రను దెలుపు గ్రంథము వంటివి.

ఈ మైదానమును చూడబోవు యాత్రికులు మొదట దాని తూర్పు అంచుననున్న ఉయూనీ పట్టణమును చేరుదురు. 1889లో స్థాపింపబడిన ఈ పట్టణము గనులనుండి ఖనిజములను పసిఫిక్ తీరమునకు చేరవేయు రైలుమార్గమున ఒక కూడలి. పాడైన ఆవిరియంత్రములు నేటికిని ఊరిబయట వరుసగా నిలిచి, ఉప్పుగాలికి తుప్పుపట్టుచున్నవి. పల్లమునుండి వచ్చినవారికి అచ్చట మొదటి దినమున నాలుగడుగులు వేయుటయు కష్టమే. ఆ ఎత్తున గాలి ఒత్తిడి సముద్రతీరమున ఉండుదానిలో మూడింట రెండు వంతులకును తక్కువ. అందువలన ఆయాసము, తలనొప్పి కలుగును. నీరు 100 డిగ్రీలకు బదులు సుమారు 88 డిగ్రీలకే మరుగును. మరుగుచున్న నీటిలో వేసినను పప్పు త్వరగా ఉడుకదు. అచ్చటి ఇల్లాండ్రకు మూతబిగించి ఆవిరిపై వండు కుక్కరు మిక్కిలి అవసరమైన పాత్ర.

పట్టణమునకు ఉత్తరముగా కొంతదూరమున కొల్చానీ అను పల్లె కలదు. మైదానమునకు అది ముఖద్వారము. ఆ ఊరివారి జీవనము ఉప్పుతోనే ముడిపడియున్నది. పనివారు పారలతో పైపొరను గీకి, నడుము ఎత్తు శంకువుల వలె కుప్పలు పోయుదురు. కుప్పలోని నీరు ఓడిన పిమ్మట ఉప్పును బండ్లకెత్తి ఊరికి గొనిపోయి, మంటపై ఆరబెట్టి, మెత్తగా విసరి, అయొడిన్ కలిపి సంచులలో నింపుదురు. సముద్రమునకు దూరమైన కొండనేలలలో అయొడిన్ తక్కువగా ఉండును. అది చాలనిచో గళగండమను వ్యాధి కలుగును గనుక ఉప్పులో దానిని కలుపుట ఆచారమైనది. మన సంతలలో అమ్ము ఉప్పు పొట్లములపై అయొడిన్ పేరు ఉండుటకును కారణమిదియే. కొల్చానీ పనివారు గొడ్డళ్లతో ఉప్పును దిమ్మలుగా కూడ కోయుదురు. వానితో గోడలు కట్టుదురు. పశువులకు నాకుటకు అమ్ముదురు. తెల్లని నేల ఎండను అద్దమువలె త్రిప్పికొట్టుటచే వారు కండ్లకు నల్లద్దములు, ముఖమునకు గుడ్డ కట్టుకొననిదే పనిచేయజాలరు.

లారీలు రాకముందు ఈ ఉప్పు లామాల వీపుపై ప్రయాణము చేసెడిది. లామా యనునది ఒంటెజాతికి చెందిన చిన్న జంతువు. ఒక్కొక్క లామా సుమారు 25 కిలోల బరువును మోయగలదు. కాపరులు వానిని గుంపులుగా తోలుకొని, వారములకొలది నడచి, పల్లపు లోయలకు దిగి, ఉప్పునిచ్చి మొక్కజొన్నలు తెచ్చుకొనెడివారు. భద్రాచలపు సంతలో కొండవారు ఉప్పును కొని పైకి మోసికొనిపోగా, అచ్చటి కొండవారు ఉప్పును అమ్ముటకు క్రిందికి దిగిరి. దారి తారుమారైనను, ఉప్పునకును తిండిగింజకును గల బంధుత్వము రెండుచోట్లను ఒక్కటే.

కొల్చానీ దాటిన పిమ్మట నేల కనుచూపుమేర తెల్లగా పరచుకొనును. దానిమీద దారులు లేవు. బండి నడుపువారు దూరపు కొండలను గురుతుపెట్టుకొని పోవుదురు. ఉత్తరపు టంచున 5,300 మీటర్ల ఎత్తైన తునూపా అగ్నిపర్వతము వారికి దిక్సూచి వంటిది. ఉప్పుపొర అడుగున ఉప్పునీరు నిండియుండును. కొన్నిచోట్ల పొరకు కన్నము పడి నీరు బుడగలతో పైకుబుకుచుండును. వానిని ఆ ప్రాంతమువారు ఉప్పునేల కన్నులందురు. తెలియని వాహనము వానిపైకి పోయిన మునుగుట తప్పదు.

ఎండకాలమున ఈ నేలపై ఎవరో ముగ్గువేసినట్లు అయిదారు కోణముల గడులు మైదానమంతటను కనబడును. ఒక్కొక్క గడి ఇంచుమించు ఒకటి రెండు మీటర్ల వెడల్పు ఉండును. ఎండిన చెరువులోని బురద నెఱ్ఱెలవలె ఉప్పు కూడ బీటలువారుటచే ఇవి ఏర్పడినవని చాలకాలము తలచిరి. 2023లో వెలువడిన పరిశోధన వేరొక కారణమును చూపెను. పైనున్న నీరు ఆవిరియగుకొలది మరింత ఉప్పనై, బరువెక్కి నేలలోనికి దిగును. తేలికైన నీరు ప్రక్కన పైకి వచ్చును. కుండలో మరుగు నీరు క్రిందుమీదగుచు తిరుగునట్లే నేలలోపల ఈ నీరు మెల్లమెల్లగా తిరుగుచుండును. బరువైన నీరు దిగు చోట్ల పైని ఉప్పు ఎక్కువగా పేరి గట్టులగును. ఆ గట్టులే ముగ్గు గీతలు.

డిసెంబరు మొదలు మార్చి వరకు అచ్చట వానకాలము. అప్పుడు మైదానముపై కొద్ది అంగుళముల నీరు నిలుచును. పారుటకు వాలు లేదు. ఇంతటి మైదానములో ఎత్తు పల్లముల భేదము ఒక్క మీటరుకు మించదు. వానకు పైని మిట్టలు కరిగి, ఎండకు ఆ ఉప్పు మరల సమముగా పేరుటచే ఏటేట నేల తనంతట తాను చదునగుచుండును. గాలిలేని వేళ ఆ పలుచని నీరు పెద్ద అద్దమగును. పైన మేఘములు, క్రింద మేఘములు. నడచిపోవు మనిషి ఆకాశములో నడచుచున్నట్లు కనబడును. భూమి ఎత్తును కొలుచు ఉపగ్రహములు తమ కొలతలను సరిచూచుకొనుటకు కూడ ఈ చదునునేలను ఉపయోగించినవి.

మైదానము నడుమ ఇంకావాసీ అను రాతిదిబ్బ కలదు. పూర్వకాలపు సరస్సులో అది ఒక ద్వీపము. దాని రాళ్లపై ఆ సరస్సులోని నాచు కట్టిన సున్నపుపొర నేటికిని కనబడును. అచ్చట నాగజెముడు జాతికి చెందిన మహావృక్షములు స్తంభములవలె నిలిచియున్నవి. అవి ఏడాదికి ఇంచుమించు ఒక సెంటిమీటరు మాత్రమే పెరుగునందురు. వానిలో కొన్ని 10 మీటర్ల ఎత్తు కూడ కలవు. అట్టి చెట్టు ఎన్ని తరములను చూచినదో లెక్కవేసికొనవచ్చును.

యాత్రికులు మైదానమును విడిచి దక్షిణముగా పోవుకొలది నేల మరింత పైకి లేచును. 4,200 మీటర్లు దాటిన పిమ్మట అగ్నిపర్వతముల పాదములవద్ద రంగురంగుల సరస్సులు ఒక్కొక్కటిగా ఎదురగును. ఇవియు సముద్రమును చేరని నీళ్లే. అయితే ఉయూనీ వలె పూర్తిగా ఎండిపోలేదు. వీనిలో ప్రసిద్ధమైనది ఎఱ్ఱ సరస్సు. అచ్చటివారు దానిని లగూనా కొలరాదా యందురు. దాని వైశాల్యము సుమారు 60 చదరపు కిలోమీటర్లు. లోతు మాత్రము పెక్కుచోట్ల మోకాటికి మించదు. నీరు ఇటుకరాతి రంగున ఉండును. నడుమ బోరాక్సు అను ఖనిజము పేరి తెల్లని దిబ్బలుగా తేలుచున్నట్లుండును.

ఆ ఎఱుపు మట్టివలన వచ్చినదని పలువురు భ్రమపడుదురు. నిజమునకు అది ప్రాణులు కల్పించిన రంగు. ఉప్పు మితిమీరిన నీటిలో చేపలు బ్రతుకజాలవు. కంటికి కనబడనంత చిన్నవియగు కొన్ని నాచుజీవులు మాత్రము అట్టి నీటిలోనే వృద్ధిపొందును. తీవ్రమైన ఎండనుండి తమ్ము కాపాడుకొనుటకు అవి ఒక వర్ణద్రవ్యమును తయారుచేసికొనును. క్యారెట్ దుంపకు రంగునిచ్చు పదార్థమే అది. ఇట్టి విచిత్రము మనకు దూరమైనది కాదు. మహారాష్ట్రములోని బుల్ధానా జిల్లాలో, ఉల్క పడుటచే ఏర్పడిన లోణార్ సరస్సు కలదు. దానికిని బయటకు పోవు దారి లేదు. 2020 జూనులో దాని నీరు అకస్మాత్తుగా గులాబిరంగునకు మారగా జనులు ఆశ్చర్యపడిరి. పరీక్షించి చూడగా, నీరు తగ్గి ఉప్పదనము పెరుగుటచే ఉప్పును కోరు సూక్ష్మజీవులు విస్తరించినవని తేలినది.

ఎఱ్ఱ సరస్సులో గులాబిరంగు పక్షులు వేలకొలదిగా నిలిచియుండును. ఇవి ఫ్లెమింగోలు. మనవారు వీనిని రాజహంసలని పిలుచుట కలదు. వీని పిల్లలు బూడిదరంగున పుట్టును. సూక్ష్మమైన నాచును, దానిని తిన్న చిరుప్రాణులను ఆహారముగా గైకొనుటచే క్రమముగా గులాబిరంగు పొందును. ముక్కును తలక్రిందులుగా నీటముంచి, నీటిని వడగట్టి ఆహారమును మాత్రము మ్రింగుట వీని అలవాటు. ఆండీస్‌లోని మూడు జాతులలో జేమ్సు ఫ్లెమింగో అనునది పూర్తిగా నశించినదని ఒకప్పుడు తలచిరి. కాని 1956-57 ప్రాంతమున అది ఈ మారుమూల సరస్సులలో మరల కనబడెను. 1973లో ఈ ప్రాంతము రక్షితప్రదేశమైనది. 1990లో ఎఱ్ఱ సరస్సునకు అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలగా గుర్తింపు లభించెను. ఈ పక్షిజాతికే చెందిన వేరొక రకము ఏటేట మన పులికాటు సరస్సునకు వచ్చును. శీతకాలమున సూళ్లూరుపేట వైపు పోయినవారు వానిని చూడవచ్చును.

ఇంకను దక్షిణమున, 5,900 మీటర్లకు పైబడిన లికాంకబూర్ అగ్నిపర్వతము క్రింద పచ్చ సరస్సు కలదు. దాని రంగునకు ప్రాణులు కారణము కావు. రాగి, పాషాణము మొదలగు ఖనిజముల వలన ఆ నీటికి పచ్చదనము కలిగినది. గాలి వీచి నీరు కదలినపుడు రంగు మెరుగెక్కును. గాలి ఆగిన మందగించును. ఆ విషజలమున పక్షులు మేయవు. దాని ప్రక్కనే, సన్నని నేలపట్టీకి ఆవల, బోరాక్సు తెల్లదనముతో తెల్ల సరస్సు ఉన్నది. ఒకే ఎండ, ఒకే గాలి. రాళ్లనుండి నీరు తెచ్చుకొన్నదేదో దానినిబట్టి ఒక్కొక్క సరస్సు ఒక్కొక్క రంగును ధరించినది.

నీరు విడిచిపోయిన ధనములో నేటి లోకము మిక్కిలి కోరునది ఉప్పు కాదు. ఉప్పునీరు ఎండునపుడు మొదట సున్నపు లవణములు, పిమ్మట మనము తిను ఉప్పు పేరును. కడపటివరకు నీటిలో కరిగియుండు వానిలో లిథియమను లోహము ఒకటి. చేతిఫోనులలోను విద్యుత్తుతో నడచు బండ్లలోను ఉండు బ్యాటరీలకు అది ముఖ్యము. బొలీవియాలో అట్టి లిథియము 2 కోట్ల టన్నులకు పైగా ఉన్నదని అంచనా. అందు పెద్దభాగము ఉయూనీ పొర క్రిందనే కలదు. దానిని తీయుటకు ఉప్పునీటిని పైకితోడి, విశాలమైన మడులలో ఎండబెట్టుదురు. పద్ధతిలో అది నౌపడా ఉప్పుకొటారుకు పెద్దన్న. అయితే లాభములో తమకు పాలెంత, తమ బావులకు కలుగు నష్టమెంత అని అచ్చటి పల్లెలవారు అడుగుచున్నారు. ఒక విదేశీ సంస్థతో కుదిరిన ఒప్పందమును 2019లో ప్రజల నిరసనపై ప్రభుత్వము రద్దుచేసెను.

వారి భయమునకు కారణము కలదు. అదే పీఠభూమిపై, ఉయూనీకి ఉత్తరముగా పూపో అను సరస్సు ఉండెడిది. బొలీవియాలో పెద్ద సరస్సులలో అది రెండవది. అనావృష్టి వచ్చెను. వేడి పెరిగెను. గనులకును పొలములకును నదుల నీరు మళ్లింపబడెను. 2015 డిసెంబరులో ఆ సరస్సు ఎండిపోయినట్లు ప్రకటింపబడెను. చేపలు చచ్చినవి. తరతరములుగా దానిపై వలవేసి బ్రతికిన ఉరూ జాతివారు పడవలను పగిలిన బురదపై విడిచి, కూలికై గనులకును పట్టణములకును పోయిరి. దారిలేని పల్లమునకు నది తెచ్చినదే ఆదాయము, ఎండ తీసికొన్నదే వ్యయము. ఈ జమాఖర్చులో నడుమ మనుష్యుడు మితిమీరి చేయిపెట్టినచో ఆ లెక్క మరల సరిపడుట అరుదు.

వేల సంవత్సరములకు పూర్వము ప్రకృతి స్వయముగా ఎండగట్టిన సరస్సు ఉప్పుమైదానమై జనులకు జీవనమిచ్చుచున్నది. మన కాలమున మనుష్యుల తొందరపాటు కూడ తోడై ఎండిన సరస్సు జనులను వలసపంపినది. ఈ రెండును ఒకే పీఠభూమిపై, ఒకే ఆకాశము క్రింద ఉన్నవి.

భద్రాచలమువద్ద గోదావరి 1986 ఆగస్టులో 75 అడుగులకు పైగా పొంగినది. 2022 జూలైలో 71 అడుగులు దాటినది. అంతటి నీరును తీరమును చేరి సముద్రమున కలిసెను. అడవిలోని రాళ్లనుండి ఆ నీరు తీసికొనిపోయిన ఉప్పు కణము, ఎన్నటికో ఉప్పుకొటారు మడిలో పేరి, లారీనెక్కి, మరల అడవిసంతకే రాగలదు. కోయ ఇల్లాలు సంతలో కొని కొంగున ముడివేసికొను పిడికెడు ఉప్పు వెనుక ఇంతటి ప్రయాణము ఉన్నది. నది దారి తెరచియుండుటచే ఆ ప్రయాణము సాగుచున్నది.